ఈడ్చు బలము, ఆపు బలము

మదనపల్లె టమాటా మార్కెట్టుకు పొద్దెక్కకముందే సరుకు చేర్చవలెనని కలికిరి, వాల్మీకిపురము, పుంగనూరు ప్రాంతముల పల్లెలనుండి చీకటితో బయలుదేరు ట్రాక్టరును, దాని వెనుక క్రేట్లు వరుసమీద వరుసగ పేర్చి మోకులతో బిగించిన ట్రాలీని చూచినవారికి, ఆ రెంటిలో బలముగలది ముందున్న ట్రాక్టరే యనియు, ట్రాలీ దాని వెంట పోవు జడపదార్థమనియు తోచుట సహజము. చదునైన రోడ్డుపై, ఎదురు లేని వేళ, ఈ అభిప్రాయమున దోషమేమియు కనబడదు. దిగుడు వచ్చినప్పుడో, మేకల మంద అకస్మాత్తుగ రోడ్డెక్కినప్పుడో, మలుపున వేగము మించినప్పుడో మాత్రము వ్యవహారము తలక్రిందులగును. అంతవరకు అణగిమణగి వెంట వచ్చినది ముందున్నదానిని నెట్టును, ప్రక్కకు త్రిప్పును, ఒక్కొక్కప్పుడు బోర్లవేయును. ఒక బండి దేనినెల్ల ఈడ్వగలదో దాని నెల్ల ఆపగలదని చెప్పుటకు వీలులేదు. ఈ అధ్యాయమున చెప్పబోవు సంగతులన్నియు ఈ ఒక్క వాక్యమునకు వ్యాఖ్యానములు.

పాశ్చాత్య దేశములలో ఈ విద్య ఇండ్లను ఈడ్చుట వలన వృద్ధిపొందినది. గార్డన్ స్టేబుల్స్ అను స్కాట్లండు వైద్యుడు 1885లో ‘వాండరర్’ అను పేర గుర్రములు లాగు ఒక ఇంటిని కట్టించుకొని దేశాటనము చేసెను. విలాసయాత్రకై నిర్మింపబడిన తొలి కారవానుగ దానిని చెప్పుకొందురు. గుర్రములు పోయి కార్లు వచ్చిన పిమ్మట, ఈడ్వబడు ఇండ్లు దారిలో పాములవలె మెలికలు తిరిగి పొర్లిపడుట మొదలుపెట్టినందున, వాటి భారము, బ్రేకులు, కొక్కెముల విషయమై అక్కడ శాస్త్రమును శాసనమును రెండును పుట్టినవి. మనదేశమున కారు వెనుక ఇల్లు కట్టుకొని పోవు ఆచారము లేదనియే చెప్పవచ్చును. కారవాను అనినంతనే మనవారికి షూటింగు స్థలమున సినిమా తార విశ్రమించు బస్సు జ్ఞప్తికి వచ్చును. అయినను బండికి బండిని తగిలించి నడుపు పనిలో మన ట్రాక్టరు డ్రైవర్లకుగల అనుభవము ఏ దేశపు విహారయాత్రికునికిని ఉండదు. టమాటా, చెరకు, వేరుసెనగ, ఇసుక, కుప్పము ప్రాంతపు గ్రానైటు రాళ్లు, వేసవిలో త్రాగునీరు, ఇవన్నియు ఆ కొక్కెము మీదనే నడచుచున్నవి. అనుభవమునకు కొదవ లేదు. దాని వెనుకనున్న లెక్కను చెప్పినవారే తక్కువ.

ఈడ్చుట ఏల సులభమో ముందు చూతము. తారు రోడ్డుపై గాలి నిండిన టైర్లతో దొర్లు బండి తన బరువులో నూటికి ఒకటి రెండు పాళ్లకు మించిన లాగుడును కోరదు. ట్రాలీయు సరుకును కలిసి 6 టన్నులైనను, చదునున దానిని దొర్లించుటకు 60 మొదలు 120 కిలోల బరువునకు సమానమైన లాగుడు చాలును. ఇరువది మీటర్లకు ఒక మీటరు చొప్పున లేచు ఎక్కుడులో, 2 టన్నుల ట్రాక్టరుతో కూడ కలిపి మొత్తము 8 టన్నుల బండికి మరి 400 కిలోల లాగుడు అదనముగ కావలెను. చిన్న గేరు వేసినచో ట్రాక్టరుకు ఇది పెద్ద పని కాదు. వేగమును వదలుకొని బలమును సంపాదించుటయే గేరుయొక్క ధర్మము గదా. ఈ సౌలభ్యమే మనుష్యుని మోసగించునది. బండి లాగుచున్నదను తృప్తితో ట్రాలీ పలకలను ఒక జానెడు ఎత్తు పెంచుదురు, మరి రెండు వరుసల క్రేట్లు ఎక్కింతురు; ట్రాక్టరు అప్పుడును మూలుగుచునే లాగును.

ఇక ఆపుట. అత్యవసరముగ ఆపవలసినప్పుడు గేరుపెట్టె చేయగల ఉపకారము స్వల్పము. టైరుకును రోడ్డుకును నడుమ పట్టు ఎంతయో ఆపు బలము అంతయే. ఆ పట్టు బ్రేకులుగల చక్రములపై పడు బరువునుబట్టి యుండును. మన సాధారణ ట్రాక్టరుకు బ్రేకులు వెనుక చక్రములకు మాత్రమే కలవు. దాని 2 టన్నుల బరువులో మూడింట రెండువంతులు, అనగా 1.3 టన్నులు, ఆ చక్రములపై నున్నదనియు, ఎండిన తారుపై ఘర్షణ గుణకము 0.6 అనియు అనుకొన్నచో, గరిష్ఠమైన ఆపు బలము 0.78 టన్నుల బరువునకు సమానమగును. గంటకు 30 కి.మీ. వేగమున పోవు ఒంటరి ట్రాక్టరు ఈ బలముతో 9 మీటర్లలో ఆగును. బ్రేకులు లేని 6 టన్నుల నాలుగు చక్రముల ట్రాలీని వెనుక తగిలించినప్పుడు ఆపు బలము పెరుగలేదు, ఆపవలసిన భారము మాత్రము నాలుగింతలైనది. కావున 36 మీటర్లు కావలెను. డ్రైవరు మేకను చూచి కాలు బ్రేకుపై వేయునంతలో గడచు ఒక్క సెకనులో బండి మరి 8 మీటర్లు పోయియుండును. ఇరువదికి ఒకటి దిగుడులో భూమ్యాకర్షణ ఆ కొద్దిపాటి బలములో సగమునకు పైగ హరించుటచే 36 మీటర్లు 75 మీటర్లగును. పదికి ఒకటి దిగుడులో లెక్క శూన్యమునకు దిగువకు పోవును, అనగా చక్రములు పూర్తిగ బిగిసిపోయినను బండి జారుచునే యుండును గాని ఆగదు. నేను పట్టుకొన్న అంకెలు డ్రైవరుకు అనుకూలమైనవే యని చదువరులు గమనింతురు గాక. తొలకరి జల్లుకు దుమ్మును నూనెయు కలిసి జారుడైన రోడ్డుపై ఆ 0.6 ఎంతమాత్రము నిలువదు.

ఈ చిక్కునకు పరిష్కారము కలికిరి స్టేషనులోనే కనబడును. పాకాల–ధర్మవరము మార్గమున, ఒకప్పుడు మీటరు గేజీ రైళ్లు తిరిగిన దారిలో, నేడు పోవు రైలును చూడుడు. ఇంజను ఒక్కటియే ఆ పెట్టెలన్నిటిని ఈడ్చును. ఆపునది మాత్రము ఇంజను ఒక్కటియే కాదు, ప్రతి పెట్టె తన్ను తాను ఆపుకొనును. జార్జి వెస్టింగ్‌హౌస్ అను అమెరికా దేశస్థుడు 1869లో గాలి బ్రేకును కనిపెట్టి, మూడేండ్లలో దానికి మరియొక మెరుగు పెట్టెను: గొట్టములోని గాలి ఒత్తిడి బ్రేకును పట్టించుటకు గాక, పట్టకుండ నిలుపుటకు వినియోగపడును. పెట్టెలు విడిపోయి గొట్టము తెగినచో గాలి పోవును, బ్రేకు తనంతట తాను పట్టును. విరిగినప్పుడు ప్రమాదమువైపు గాక క్షేమమువైపు ఒరుగునట్లు యంత్రమును కల్పించుట ఎంత గొప్ప ఊహయో! ఐరోపా దేశములలో 750 కిలోలకు మించిన ఈడుపుబండికి స్వంత బ్రేకు ఉండితీరవలెను. కారు వేగము తగ్గినప్పుడు వెనుకనున్న కారవాను కొక్కెమును నెట్టు ఆ నెట్టుడే ఒక కమ్మీ ద్వారమున దాని బ్రేకులను పట్టించును, కొక్కెము ఊడినచో సన్నని తీగ ఒకటి లాగబడి బ్రేకును బిగించి, పిమ్మట తాను తెగును. మన పల్లెలలో తిరుగు ట్రాలీలలో పెక్కింటికి బ్రేకు లేదు. ఉన్నవాటిలో కొన్నింటికి కలుపు గొట్టము ఎన్నడో తెగి, ముడివేసి, ఇరుసుకు కట్టబడి యుండును.

ట్రాక్టరుకే ప్రత్యేకమైన అపాయ మొకటి కలదు. దానిని కొంచెము దగ్గరగ చూడవలెను. డ్రైవరు కుడిపాదము క్రింద బ్రేకు పెడళ్లు రెండు ప్రక్కప్రక్కన ఉండును, ఒకటి ఎడమ చక్రమునకు, రెండవది కుడి చక్రమునకు. మడిలో చాలు చివరకు వచ్చినప్పుడు ఒక్క ప్రక్క పెడలును త్రొక్కినచో ఆ చక్రము నిలిచి, రెండవది దాని చుట్టు తిరుగును, ట్రాక్టరు ఉన్నచోటనే మళ్లును. దున్నువానికి ఇంతకన్న సౌకర్యము లేదు. రోడ్డెక్కునప్పుడు ఆ రెండు పెడళ్లను కలిపి బంధించుటకు ఒక చిన్న ఇనుపబిళ్ల అమర్చబడి యుండును. బొటనవ్రేలితో ఒక్క నెట్టు నెట్టినచో అది అవతలి పెడలు గాడిలో పడును. ఆ బిళ్ల తుప్పుపట్టి కదలకుండుటయు, లేక మడినుండి నేరుగ రోడ్డెక్కిన తొందరలో దానిని మరచుటయు మిక్కిలి సామాన్యము. అట్టి స్థితిలో వేగమున పోవుచు గబాలున బ్రేకు త్రొక్కినవాని పాదము ఒక్క పెడలుపైననే పడినచో, ట్రాక్టరు ఆ ప్రక్కకు విసురుగ తిరుగును. 6 టన్నుల ట్రాలీ మాత్రము తిన్నగనే పోవలెనని పట్టుపట్టును. తరువాత జరుగునది ఊహింపవచ్చును. ఒక చుక్క నూనె, ఒక క్షణపు జ్ఞాపకము, ఈ రెంటితో నివారింపదగిన ప్రమాదమిది. ట్రాక్టరు కొనునాడు షోరూములో డ్రైవరుకు మొట్టమొదట చూపవలసిన వస్తువు ఆ బిళ్ల యని నా నిశ్చితాభిప్రాయము.

దిగుడు ప్రయాణమున మరియొక శత్రువు వేడిమి. మదనపల్లె సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున నున్నది. తిరుపతి మైదానమున నున్నది. ఈ పీఠభూమి అంచులను దిగు త్రోవలే పీలేరు–తిరుపతి దారిలోని భాకరాపేట ఘాటు, పలమనేరు–చిత్తూరు దారిలోని మొగిలి ఘాటు. 8 టన్నుల బండి 100 మీటర్లు క్రిందికి దిగునప్పటికి విడుదలయగు శక్తి, 30 డిగ్రీల నీటిని సుమారు 27 లీటర్లు మరగించుటకు చాలును. ఆ వేడిమి అంతయు బ్రేకు పట్టాలలోనికే పోనిచ్చినచో అవి కాగి, పట్టు సడలి, పెడలు గట్టిగనే యున్నను బండి వినని దశ వచ్చును. ఘాటు దిగునప్పుడు వచ్చు ఆ కమురువాసన లారీ డ్రైవర్లకు సుపరిచితము. ఇరువదికి ఒకటి వాలున ఈ బండి గంటకు 20 కి.మీ. వేగమున దిగునప్పుడు సుమారు 29 గుర్రపు శక్తులు ఊరకే పుట్టుచుండును. టైర్ల దొర్లుడులో మూడవవంతు పోయినను దాదాపు ఇరువది మిగులును. వేగమును 40కి పెంచినచో ఆ ఇరువది నలుబదియగును, 10కి తగ్గించినచో పదియగును. తక్కువ గేరులో, ఇంజను పట్టుతో, మెల్లగ దిగవలెనను పెద్దల మాటకు ఆధారము ఈ లెక్కయే. గేరును దిగుడు మొదలుకాకముందే ఎన్నుకొనవలెను. మధ్యలో క్లచ్చి త్రొక్కిన క్షణమున ఇంజనుకును చక్రములకును సంబంధము తెగును, మరల గేరు పడకపోవచ్చును. డీజిలు మిగులునని న్యూట్రలులో దించువారి సంగతి మరింత విచారకరము, ఏలన వారికి ఆ మిగులు కూడ దక్కదు. గేరులో నుండి యాక్సిలరేటరు వదలినప్పుడు గవర్నరు డీజిలును దాదాపు నిలిపివేయును. న్యూట్రలులోనో, ఇంజను ఆరిపోకుండుటకై త్రాగుచునే యుండును.

రెండు చక్రముల ట్రాలీ స్వభావము వేరు. దాని బరువులో కొంత కొక్కెము మీద వ్రాలవలెను. ఎంత వ్రాలవలెనను విషయమున బ్రిటనువారు కారవానులకు నూటికి 5 మొదలు 7 పాళ్లనియు, అమెరికావారు 10 మొదలు 15 పాళ్లనియు చెప్పుదురు. వెనుక అంచున బరువు పేర్చరాదను విషయమున మాత్రము ఇరువురును ఏకీభవింతురు. ఎద్దులబండి తోలినవారికి ఈ తత్త్వము క్రొత్త కాదు. వెనుక మొగ్గిన బండిలో కాడి పైకిలేచి పలుపులు ఎద్దుల గొంతులను బిగించును, ముందుకు మొగ్గిన బండిలో కాడి మెడలను అణచివేయును; అందుచేత బస్తాలను ముందువెనుకలు సర్ది, కాడిని చేతితో ఎత్తి చూచి, పిమ్మట ఎద్దులను పూన్చెడివారు. ట్రాక్టరుకు మెడ నొప్పి పుట్టదు గనుక ఆ పరీక్ష పోయినది. వెనుక బరువైన ట్రాలీ కొంత వేగమువరకు బుద్ధిగనే వచ్చును. ఆ హద్దు దాటినపిదప, ఒక గుంతయో ఎదురు లారీ గాలియో రేపిన చిన్న ఊపు తగ్గుటకు మారుగ ఊపు ఊపునకు పెరుగును. అప్పుడు స్టీరింగును అటునిటు త్రిప్పి సరిచేయబోవుట అగ్నిలో ఆజ్యము పోయుటయే, మనుష్యుని చేయి ఎల్లప్పుడు ఒక క్షణము ఆలస్యముగ వచ్చును గనుక. స్టీరింగును తిన్నగ పట్టి, యాక్సిలరేటరు వదలి, వేగము తనంతట తగ్గనిచ్చుటయే కర్తవ్యము.

నీటి ట్యాంకరు విషయమును విడిగ చెప్పక తప్పదు. వేసవిలో బోర్లు ఎండిన వీధులకు ట్రాక్టర్లు నీరు మోయుట ఈ సీమలో నిత్యకృత్యము. 5,000 లీటర్ల ట్యాంకరు నిండినచో నీటి బరువే 5 టన్నులు, సగమైనచో రెండున్నర. సగము బరువున సగము అపాయమనుకొనుట పొరపాటు. నిండిన ట్యాంకులో నీటికి కదలుటకు చోటు లేదు. సగము నిండినదానిలో అది స్వేచ్ఛగ తిరుగును. పైన చెప్పిన మందకొడి బ్రేకుతో, భూమ్యాకర్షణలో పదవవంతు తీవ్రతతో ఆపినను, 3 మీటర్ల పొడవు ట్యాంకులో ముందరి నీరు వెనుకటి నీటికన్న 30 సెంటీమీటర్లు పైకి లేచి నిలువవలెను. అలయై లేచుటచే మొదటి విసురున అంతకు మించియే లేచును. 15 మీటర్ల వ్యాసార్ధముగల మలుపును గంటకు 20 కి.మీ. వేగమున తిరిగినచో నీటి మట్టము ప్రక్కకు 12 డిగ్రీలు వాలును, బరువంతయు బయటి చక్రమువైపు చేరును, సరిగ ఆ క్షణముననే బండియు అటే ఒరుగ జూచుచుండును. ట్యాంకు లోపల రంధ్రములుగల అడ్డుపలకలను అతికించుట ఈ అలలను విరుచుటకే. పలకలు తుప్పుతిని రాలిపోయిన ట్యాంకరును బయటినుండి చూచి కనిపెట్టలేము. ఖాళీగ నున్నప్పుడు మూత తెరచి దీపము వేసి చూడవలెను. ఒక వీధిలో సగము పోసి, మిగిలిన సగముతో మరియొక వీధికి పోవువేళ డ్రైవరు ఉదయముకన్న మెల్లగ పోవలెను. బండి తేలికైనదను ధైర్యముతో సాధారణముగ వేగముగనే పోవును.

చెరువు కట్ట ఎక్కునప్పటి ప్రమాదము వెనుకకు బోర్లపడుట. వెనుక చక్రములు బురదలోనో గుంతలోనో చిక్కి తిరుగలేనప్పుడు, ఇంజను త్రిప్పు ఇరుసు చుట్టు ట్రాక్టరు దేహమే తిరుగ జూచును. ముందరి చక్రములు గాలిలోనికి లేచును. తగిలించిన చోటు వెనుక ఇరుసు నడిబొడ్డుకన్న క్రిందనున్నంతవరకు లాగుడు ముక్కును నేలకు అదుముటకు తోడ్పడును. నాగలిని ఎత్తు పైకమ్మీకో, మరి యే ఎత్తైన భాగమునకో గొలుసు కట్టి లాగినచో, లాగుడే ట్రాక్టరును వెనుకకు విరుచును. రెప్పపాటులో ముగియు వ్యవహారమిది. క్లచ్చి త్రొక్కుటకు వ్యవధి చాలదు. కావున గొలుసు ఎక్కడ కట్టుట యనునది బయలుదేరుటకు ముందే తేలవలసిన విషయము.

ఇక పరికరముల జబ్బులు. అన్నిటికన్న చిన్నది, అన్నిటికన్న ముఖ్యమైనది కొక్కెపు పిన్ను. అది అరిగి నడుము సన్నమై, రంధ్రము కోడిగ్రుడ్డు ఆకారమున సాగియుండుట తరచు కనబడును. అట్టి సందులో ప్రతి బ్రేకుకును ప్రతి లాగుడుకును ట్రాలీ సుత్తివలె కొట్టుచుండును, అతుకు బీటవారును. పిన్ను క్రింద పైకెగిరి రాకుండ గ్రుచ్చవలసిన క్లిప్పుకు బదులు తీగముక్కయో మేకో పెట్టుట ఇంకొక దురాచారము. పిన్ను ఊడినను ట్రాలీ దారితప్పకుండ రెండు గొలుసులను కమ్మి క్రింద అడ్డముగ, ఒకదానిమీద ఒకటి పోవునట్లు కట్టుట కారవానువారి ఆచారము; ఊడిన కమ్మి నేలగ్రుచ్చుకొనక ఆ గొలుసుల ఊయెలలో పడును. ఖర్చు స్వల్పము, మనవారు అనుసరింపదగినది.

హబ్బులోని బేరింగు గ్రీజు లేక ఎండుటను కనిపెట్టుటకు ఉపకరణములు అక్కరలేదు. కొంత దూరము పోయి ఆగినప్పుడు చేతి వెనుకభాగమును ఒక్కొక్క హబ్బు దగ్గరకు తీసికొనిపోయినచో, ఒకటి మిగిలినవాటికన్న వేడిగనుండుట వెంటనే తెలియును. అది రేపు బిగుసుకొనబోవునది. కమాను కట్టలలో విరిగిన ఆకు, సడలిన యూ-బోల్టు ఇరుసును వంకరగ నిలుపును. ట్రాలీ ట్రాక్టరు జాడలో నడువక ఒక ప్రక్కకు తొలగి నడుచుట దీనికి గుర్తు. టైరు పగులుటకు ఎండను నిందింతుము గాని, నేరము ఎక్కువగ గాలి తక్కువైనదానిది: మెత్తని టైరు ప్రతి చుట్టులోను ప్రక్కలు నలిగి తనలో తానే కాగును, ఎండ దానికి తోడు మాత్రమే. చక్రపు నట్లను ఒకదాని ప్రక్కన ఒకటి గాక, ఎదురెదురుగ నున్నవాటిని వరుసగ బిగింపవలెను. మార్చిన చక్రమును కొంత దూరము పోయిన తరువాత మరియొకసారి బిగించి చూడవలెను.

వెనుక దీపములు వెలుగకపోవుట గూర్చి అందరును వాపోవుదురు. బల్బు మార్చుదురు, వారము గడచునప్పటికి మరల అదే కథ. రోగము సాధారణముగ బల్బులో లేదు, ఎర్తులో నున్నది. ట్రాలీ విద్యుత్తు తిరిగి ట్రాక్టరుకు చేరుటకు తుప్పుపట్టిన కొక్కెమునే దారిగ నమ్ముకొన్నచో, ఆ తుప్పులో వోల్టేజి హరించుకొనిపోవును. పాతరకపు తీగ బల్బుకు 12 వోల్టులకు బదులు 10 వోల్టులే అందినచో వెలుగు దాదాపు సగమునకు పడిపోవును. ఎడమ ఇండికేటరు వేసినప్పుడు బ్రేకు దీపము కూడ కన్నుగీటుచున్నచో రోగనిర్ణయమునకు మరి సాక్ష్యము అక్కరలేదు. ప్రత్యేకముగ ఒక ఎర్తు తీగను సాకెట్టునుండి ట్రాలీ చట్రమువరకు లాగి, చట్రమున రంగు గీకి, బోల్టుతో బిగించుట శాశ్వత చికిత్స. దీపములు ఎంత బాగున్నను వెనుక ఎఱ్ఱని మెఱుపు పట్టీలు ఉండవలెను. దుమ్ము కప్పిన పట్టీ లేనిదానితో సమానము, బయలుదేరునప్పుడు ఒక తడిగుడ్డతో తుడిచిన చాలును.

దారిలో టైరు పోయి ఆగవలసివచ్చినచో మలుపునను, కట్ట ఎక్కు చోటునను ఆపరాదు. మెల్లగ నైనను చదునువరకు పోవుట మేలు, టైరు చెడినను సరే. సరుకుతోనున్న ట్రాలీని జాకీతో ఎత్తుటకు ముందు ఎదుటి ప్రక్క చక్రమునకు ముందువెనుకల రాళ్లు పెట్టవలెను. పిన్ను తీసి ట్రాక్టరును విడదీయరాదు, ఏలన ఆ సమయమున ట్రాలీని కదలకుండ పట్టియుంచు లంగరు ట్రాక్టరే. రాత్రివేళ ఒకడు టార్చితో యాభై అడుగులు వెనుకకు పోయి నిలుచుట చాలదు. వెనుక వచ్చు లారీ డ్రైవరుకు ఒక సెకను ఆలోచనకును, తరువాత బ్రేకుకును దూరము కావలెను గనుక నూరు మీటర్లకు తక్కువ కాకుండ పోవలెను. పని ముగిసిన పిమ్మట, చక్రములకు అడ్డుపెట్టిన రాళ్లను, ఎచ్చరికగ రోడ్డుమీద పేర్చిన రాళ్లను, కొమ్మలను ఎత్తి ప్రక్కన పారవేసి మరీ ట్రాక్టరు ఎక్కవలెను. అవి అట్లే యున్నచో ఆ రాత్రి వెనుక వచ్చు మోటారుసైకిలువానికి ఏ దీపమును వాటిని సకాలమున చూపజాలదు.